బ్లౌజు సైజు చెబితే బ్రా సైజు రాదు

చెన్నై టీ నగర్‌లో లోదుస్తుల కొట్టుకి వెళ్తే కౌంటర్ దగ్గర అమ్మాయి మొదట అడిగేది ఒకటే. "బ్లౌజు ఎంతక్కా?" ముప్పై ఏడు అంటాం. బ్రాలు సరి సంఖ్యల్లోనే ఉంటాయి కాబట్టి అరలోంచి 38 తీస్తుంది. కప్పు సంగతి తను అడగదు, మనం ఎత్తం. 'బి' అని రాసున్న డబ్బా చేతికొస్తుంది. పక్కన ఎవరైనా మగవాళ్లు నిలబడి ఉంటే ఇంకాస్త తొందరగా డబ్బులిచ్చి బయటపడతాం.

నేను నెల్లూరు నుంచి చెన్నై వచ్చి పద్నాలుగేళ్లయింది. అందులో పదేళ్లు ఇలా కొన్న 38 బి వేసుకునే గడిపాను. సాయంత్రానికి భుజాల మీద ఎర్రగా చాళ్లు పడేవి. వెనక పట్టీ మెడ వైపు ఎగబాకేది. ముందు కప్పు పైన గుడ్డ ముడతలు పడేది. భుజం పట్టీలు ఇంకా బిగిస్తే చాళ్లు ఇంకా లోతయ్యేవి. ఆడవాళ్లకి ఇది మామూలేననుకుని ఊరుకున్నాను. కొలతే తప్పు చోట తీస్తున్నానని చాలా ఆలస్యంగా తెలిసింది.

బ్లౌజు కొలత ఛాతీ బాగా ఎత్తుగా ఉన్నచోట టేపు చుట్టి తీసేది. బ్రా మీదున్న అంకె ఛాతీ కింద, పక్కటెముకల చుట్టూ తిరిగే పట్టీది. ఒకటి పై కొలత, ఒకటి కింది కొలత. చెప్పుల సైజు చెప్పి గాజులు కొన్నట్టుంది మన పద్ధతి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. ఇంట్లో ఉన్న బ్రా లేబుల్ ఒకసారి తిప్పి చూడండి. చాలావాటి మీద రెండు అంకెలుంటాయి: 34 పక్కన 75, 36 పక్కన 80, 38 పక్కన 85. రెండోది సెంటీమీటర్లు, అదే అసలు కొలత. 80 అని ఉంటే ఛాతీ కింద చుట్టుకొలత సుమారు 78 నుంచి 82 సెంటీమీటర్లున్న వాళ్లకి అని అర్థం. 80 సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. మరి పక్కన 36 ఎలా వచ్చింది? పక్కటెముకల కొలతకి నాలుగో అయిదో అంగుళాలు కలిపి సైజు చెప్పడం పాత అలవాటు. ఆ అలవాటు లేబుల్ మీద అలా ఉండిపోయింది. కాబట్టి 36 పట్టీ సరిపోయే ఆవిడ ఛాతీ కింద టేపు పెడితే 36 రాదు. ఈ తిరకాసు తెలియకపోతే ఎంత చదువుకున్న వాళ్లయినా తప్పు సైజే కొంటారు.

అందుకే అంగుళాలు పక్కన పెట్టి సెంటీమీటర్లలో కొలుచుకోమని నా సలహా. ఇంట్లో కుట్టుపనికి వాడే టేపు చాలు. ప్యాడ్ లేని పల్చటి బ్రా వేసుకుని అద్దం ముందు నిలబడండి. టేపు వెనక కిందికి జారకుండా చుట్టూ ఒకే ఎత్తులో ఉండాలి. ఊపిరి వదిలాక ఛాతీ కింద ఒంటికి అతుక్కునేలా బిగించి చూడండి. అది పట్టీ కొలత. తర్వాత ఛాతీ ఎత్తుగా ఉన్నచోట, బిగించకుండా, చర్మానికి తగిలీ తగలనట్టు టేపు పెట్టండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే కప్పు తెలుస్తుంది. తేడా 12 నుంచి 14 సెంటీమీటర్లయితే ఎ, 14 నుంచి 16 అయితే బి, 16 నుంచి 18 సి, 18 నుంచి 20 డి.

నాకు కింద 76 వచ్చింది, పైన 93. తేడా 17. అంటే 75 సి, మన కొట్ల భాషలో 34 సి. పదేళ్లు నేను వేసుకున్న 38 అసలు 85 సెంటీమీటర్ల వాళ్లది. నా ఒంటికి తొమ్మిది సెంటీమీటర్లు వదులు! పట్టీ పైకి ఎగబాకక ఏం చేస్తుంది?

ఒక జాగ్రత్త. పై లెక్క అన్ని కంపెనీలకీ పనికిరాదు. కొన్ని, ముఖ్యంగా కొన్ని విదేశీ కంపెనీలు, ఛాతీ కింద అంగుళాల కొలతనే నేరుగా సైజుగా పెడతాయి. అందుకని మీ రెండు కొలతలు ఫోన్లో రాసి పెట్టుకుని, కొనే కంపెనీ చార్టులో వాటిని వెతకండి. ఒక కంపెనీలో 34 సి అయిన మనిషి ఇంకో కంపెనీలో 32 డి అవ్వచ్చు. అక్షరం కూడా ఒక్కటే చెబితే అర్థం ఉండదు. 'డి' అనగానే చాలా పెద్దదనుకుంటాం. 32 డి కప్పు, 34 సి కప్పు, 36 బి కప్పు ఇంచుమించు ఒకే పరిమాణం. పట్టీ మారుతుందంతే. కొట్లో 34 సి కొంచెం బిగుతనిపిస్తే 36 సి అడక్కండి, 36 బి అడగండి. పట్టీ ఒక మెట్టు ఎక్కితే కప్పు ఒక మెట్టు దిగాలి.

బరువు మోసేది భుజాలు కావు

ఛాతీలో ఎత్తి పట్టే కండరం ఉండదు. కండరం దాని వెనక ఉంటుంది. ముందున్నదంతా పాలగ్రంథులు, కొవ్వు. వాటిని పట్టి ఉంచేవి రెండే: పైనున్న చర్మం, లోపల సాలెగూడు దారాల్లాంటి సన్నని కణజాలం. ఆ దారాల గురించి 1840లో ఆస్ట్లీ కూపర్ అనే ఇంగ్లండు శస్త్రవైద్యుడు వివరంగా రాశాడు. వాటినిప్పటికీ కూపర్ లిగమెంట్లనే అంటారు. బరువులెత్తి కండ పెంచినట్టు వీటిని బలపరచలేం.

కాబట్టి బయటి నుంచి ఆసరా కావాలంటే ఆ బరువు ఎక్కడో ఒకచోట ఆనాలి. బాగా కుదిరిన బ్రాలో అది ఎక్కువ భాగం పక్కటెముకల చుట్టూ ఉన్న పట్టీ మీద ఆనుతుంది. బిందె తలమీద మోసేవాళ్ల కంటే చంకన పెట్టుకునేవాళ్లకి నడుము ఎముక ఎలా ఆసరా అవుతుందో ఇదీ అలాగే. భుజం పట్టీలు కప్పుని ఒంటికి ఆనించి ఉంచితే చాలు. కింది పట్టీ వదులైతే ఆ బరువంతా వేలెడు వెడల్పు లేని భుజం పట్టీల మీద పడుతుంది. మెడనొప్పి, భుజాల మీద గాట్లు, సాయంత్రానికి చిరాకు అక్కడ మొదలవుతాయి.

కొట్లో దీనికో సులువైన పరీక్ష ఉంది. బ్రా వేసుకుని రెండు భుజం పట్టీలూ జార్చేయండి. కింది పట్టీ ఉన్నచోటే నిలబడి, కప్పులు పెద్దగా కిందికి జారకపోతే అది మిమ్మల్ని మోస్తోంది. మొత్తం జారిపోతే సైజు తప్పు. తర్వాత చేతులు పైకెత్తండి, అల్మరా పై అరలో డబ్బా అందుకుంటున్నట్టు. కింది పట్టీ కదలకూడదు. వెనక పట్టీ కింద రెండు వేళ్లు పట్టాలి, మూడోది పట్టకూడదు. కప్పు అంచు మీదుగా గానీ చంక వైపు గానీ ఒళ్లు పొంగితే కప్పు చిన్నది, ముడత పడితే పెద్దది. కప్పు కింద తీగ ఉన్నదైతే ఆ తీగ ఛాతీ మీద ఎక్కకుండా దాని చుట్టూ ఎముక మీద ఆనాలి. కొత్తది ఎప్పుడూ అన్నిటికంటే వదులు హుక్కులో సరిపోయేదే కొనండి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులు పనికొస్తాయి.

వేసుకుని చూడనివ్వని కొట్టుకి నేను ఇప్పుడు వెళ్లను. ఇది మొహమాటపడే విషయం కాదు. చీరకి ఫాల్ రంగు కుదరలేదని మూడు కొట్లు తిరిగేవాళ్లం మనం.

తీగ గురించీ, నల్ల బ్రా గురించీ, రాత్రి బ్రా వేసుకుని పడుకోవడం గురించీ క్యాన్సర్ భయం పెట్టే మెసేజ్‌లు కుటుంబ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. 2014లో అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు దీన్నే పరిశీలించారు. రోజుకి ఎన్ని గంటలు వేసుకున్నా, తీగ ఉన్నా లేకపోయినా రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం కనిపించలేదు. రాత్రి వేసుకోవడం, మానడం మీ సుఖాన్ని బట్టి. గడ్డ తగిలితే, చనుమొన నుంచి రక్తం వస్తే, చర్మం లోపలికి లాగినట్టుంటే మాత్రం బ్రా మార్చి ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.

నడకకి ఒకటి, పరుగుకి ఒకటి

మైలాపూర్‌లో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది. అమృతాంజనం తయారుచేసి, ఆంధ్రపత్రిక పెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరది. షుగర్ వచ్చాక డాక్టర్ నడవమంటే మా పిన్ని రోజూ పొద్దున అక్కడికే వస్తుంది. మొదటి వారం నాలుగు చుట్లకే ఆగిపోయేది. కాళ్ల నొప్పేమో అనుకున్నాను. చివరికి గొంతు తగ్గించి చెప్పింది. "కాళ్లు బాగానే ఉన్నాయే. జోరుగా నడిస్తే పైన కదులుతుంటే సిగ్గుగా ఉంది, నొప్పిగానూ ఉంది. తొడలు ఒరుసుకుని మంట."

"పిన్నీ, స్పోర్ట్స్ బ్రా కొందాం రా" అన్నాను.

"ఈ వయసులో నాకెందుకే అయ్యన్నీ? ఆ బాడీలు పిల్లలేసుకుంటారు."

పిన్ని లాంటివాళ్లు మన ఇళ్లలో ఎందరో. నడక మానేస్తారు గానీ కారణం చెప్పరు. బద్ధకమని ఇంట్లోవాళ్లు దెప్పుతారు.

పరుగెత్తేటప్పుడు ఛాతీ పైకీ కిందికీ మాత్రమే ఊగుతుందనుకుంటాం. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో జోఆనా స్కర్ బృందం ఏళ్లుగా దీన్నే కొలుస్తోంది. పైకీ కిందికీ, పక్కలకీ, ముందుకీ వెనక్కీ, మూడు దిక్కులా కదులుతుందని వాళ్లు చూపించారు. ఎనిమిది అంకె గీసినట్టుంటుంది ఆ కదలిక. మామూలు బ్రా దాన్ని ఆపలేదు. 1977లో అమెరికాలో లీసా లిండాల్, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే ముగ్గురు ఆడవాళ్లు మగ క్రీడాకారులు వాడే లంగోటీ లాంటి ఆసరాలు రెండు కలిపి కుట్టి మొదటి స్పోర్ట్స్ బ్రా తయారుచేశారు. అప్పటిదాకా పరుగెత్తే ఆడవాళ్ల కోసమని ఎవరూ ఆలోచించి కుట్టలేదు. ఇది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు దొరికేవి రెండు రకాలు. ఒకటి తలమీదుగా తొడుక్కునేది, ఛాతీ రెండు వైపులా కలిపి ఒంటికి అదిమి పెడుతుంది. సైజులు ఎస్, ఎమ్, ఎల్ అని ఉంటాయి. ఎ, బి కప్పుల వాళ్లకీ, నడక, యోగా లాంటివాటికీ ఇది సరిపోతుంది. రెండోదాంట్లో లోపల రెండు కప్పులు విడివిడిగా ఉంటాయి, దేన్ని అది పట్టి ఉంచుతుంది. వెనక హుక్కులు, వెడల్పాటి భుజం పట్టీలు, 34 సి అని మామూలు బ్రా సైజులే ఉంటాయి. సి దాటిన వాళ్లకి పరుగు, జుంబా, స్కిప్పింగ్, బ్యాడ్మింటన్ వంటి ఎగిరే ఆటలకి ఇదే నయం. ఇంకా పెద్ద ఛాతీ ఉంటే రెండూ కలిసిన రకం, కప్పులుండి పైన అదిమేది, వెతకండి. ఎంత బిగుతైతే అంత మంచిదనుకోకండి. నిండా ఊపిరి తీసుకోలేకపోతే అది మీది కాదు. ట్రయల్ రూములో పది సార్లు ఎగిరి చూడండి. ఎంత సిగ్గేసినా సరే, ఈ పరీక్ష చేయకుండా స్పోర్ట్స్ బ్రా కొనకూడదు.

పిన్నికి హుక్కులు ముందు వైపున్నది కొన్నాం. మోచేతులు వెనక్కి తిరగని వయసులో తలమీదుగా తొడుక్కునేది తీయడం పెద్ద యుద్ధం, చెమట పట్టాక మరీను. తొడల మంటకి చుడీదార్ కింద మోకాలి పైదాకా వచ్చే సైకిల్ షార్ట్స్ కొన్నాం. చీర కట్టుకునే వాళ్లకీ అది బాగుంటుంది.

కాటనా, సింథటిక్కా?

చెన్నైలో ఇది ఊరికే వచ్చే ప్రశ్న కాదు. ఇక్కడ ఎండ కంటే ఉక్కపోత మనిషిని ఎక్కువ పీడిస్తుంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల పట్టిన చెమట ఆరదు. 'కాటన్ తప్ప ఏదీ వద్దు' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. 'కాటన్ వేసుకుని జిమ్‌కి రాకండి' అంటాడు ట్రైనర్. ఇద్దరూ సగం నిజమే చెబుతున్నారు.

నూలు నీటిని తనలోకి తీసుకుంటుంది. మామూలు గాలిలో ఆరి ఉన్న నూలు గుడ్డలో కూడా దాని బరువులో 8 శాతం దాకా తేమ ఉంటుంది. నైలాన్‌లో 4 శాతం, పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. కొద్దికొద్దిగా పట్టే చెమటని కాటన్ పీల్చేసుకుంటే ఒంటికి హాయి. ఆఫీసుకీ ఇంటికీ వంటింటికీ కాటన్‌ని మించింది లేదు. కానీ గంటసేపు పరుగెత్తి చెమట కారినప్పుడు అదే కాటన్ తడిసి బరువెక్కి, ఆరక, ఒంటికి అంటుకుని ఒరుస్తుంది. వ్యాయామం బట్టల పాలిస్టర్, నైలాన్ చెమటని పీల్చవు, దారాల సందుల్లోంచి బయటి వైపుకి లాగి పరుస్తాయి, అక్కడ అది త్వరగా ఆరుతుంది. అంటే కదిలేటప్పుడు సింథటిక్, కూర్చున్నప్పుడు కాటన్. చెమట పట్టించిన సింథటిక్ బట్టల్లోనే టిఫిన్ చేసి, బజారుకెళ్లి, పదకొండింటి దాకా తిరగడమే అసలు పొరపాటు. పార్కు నుంచి రాగానే మార్చేయాలి.

కింది లోదుస్తుల్లో మధ్యన వచ్చే అతుకు గుడ్డ మాత్రం ఎప్పుడూ కాటనే ఉండాలి, పైనంతా ఏదైనా సరే. సైజు నడుముని బట్టి కాదు, తుంటి కొలతని బట్టి తీసుకోండి. తొడ దగ్గర ఎలాస్టిక్ అచ్చు పడితే ఒక సైజు పెంచండి. లేబుల్ మీద కోంబ్డ్ కాటన్ అని ఉంటే పొట్టి పోగులు దువ్వి తీసేశారని అర్థం, ఒంటికి నున్నగా ఉంటుంది. తిరుప్పూరు మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి అల్లిక కాటన్ లోదుస్తులు ఇక్కడ మంచివే దొరుకుతాయి. ఖరీదైనవే కొనాలని లేదు.

లెగ్గింగ్స్ కొనేటప్పుడు ట్రయల్ రూములో గొంతు కూర్చుని చూడండి. వెనక గుడ్డ పల్చబడి లోపలిది కనిపిస్తే వద్దు. నడుము పట్టీ వెడల్పుగా, మడతపడకుండా ఉండాలి. కాళ్ల మధ్య నాలుగు కుట్లూ ఒకేచోట కలిసేది ఒరుస్తుంది. డైమండ్ ఆకారంలో అతుకు వేసింది నయం.

చీర కట్టుకునే వాళ్లకి ఒక మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లంగా నాడా బిగించి కట్టేచోట నల్లగా మచ్చ, దురద చాలామందికి ఉంటుంది. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు ఇద్దరు పెద్దావిడల గురించి రాశారు. ఏళ్ల తరబడి నడుముకి బిగించి కట్టిన చోట మానని పుండు పడి, అది చర్మ క్యాన్సర్‌గా మారింది. ఇది చాలా అరుదు, టెన్షన్ పడాల్సిన పనిలేదు. కానీ సన్నటి నాడా బదులు వెడల్పాటి పట్టీ ఉన్న లంగా కుట్టించుకోండి, కట్టే చోటు రోజూ కొంచెం పైకో కిందికో మార్చండి, ఇంట్లో ఉన్నప్పుడు వదులు చేయండి. నడుము దగ్గర పుండు పడి మానకపోతే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

ఛాతీ కిందా, గజ్జల్లోనూ గుండ్రంగా ఎర్రటి తామర వస్తే మందుల షాపులో అడిగి ఏదో క్రీము రాసుకోవడం కూడా మన అలవాటే. వాటిలో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, నెలలో తామర రెండింతలై వస్తుంది. డాక్టర్ రాసిన మందు, చెప్పినన్నాళ్లూ వాడితేనే పోతుంది.

ఇక ఉతకడం. సాగే బట్టలన్నిటిలోనూ ఎలాస్టేన్ ఉంటుంది, లైక్రా అంటే అదే. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన దారం. దానికి వేడినీళ్లు, బ్లీచింగ్ పడవు. మెత్తదనం కోసం పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ స్పోర్ట్స్ బట్టలకి వాడకండి, అది దారాల మీద పొరలా పేరుకుంటే చెమట బయటికి పోదు. బ్రా హుక్కులు పెట్టి, వల సంచిలో వేసి మెషీన్‌లో వేయచ్చు. పిండి మెలిపెట్టకండి. ఎలాస్టేన్ ఎక్కువున్న వాటిని నీడలో గాలి తగిలే చోట ఆరేయండి. కాటన్‌వి తిరగేసి ఎండలో వేయండి.

మన ఇళ్లలో లోదుస్తుల్ని తువ్వాలు కిందో, లంగా మడతలోనో దాచి ఆరేస్తారు. అవి ఆరవు, ముక్కిపోతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ వానలప్పుడు మరీ ఘోరం. సగం ఆరినవి వేసుకుంటే తామర రాక ఏమవుతుంది? వానాకాలానికి రెండు జతలు ఎక్కువ పెట్టుకోండి, రాత్రి ఫ్యాన్ కింద ఆరేయండి. లోపలి హుక్కులో పెట్టినా పట్టీ పైకి ఎగబాకుతుంటే ఆ బ్రా పని అయిపోయినట్టే, గుడ్డ ఎంత కొత్తగా కనిపించినా సరే. బరువు పెరిగినా తగ్గినా, కాన్పు అయినా, నెలసరి ఆగిపోయినా మళ్లీ టేపు తీయండి.

పిన్నికి ఛాతీ కింద 86 వచ్చింది, అంటే 38. నలభై ఏళ్లుగా ఆవిడ వేసుకుంటున్నది 42. ఇప్పుడు పార్కులో పది చుట్లు తిరుగుతోంది. మేడ మీద తీగ మీద స్పోర్ట్స్ బ్రాని తువ్వాలు కప్పకుండానే ఆరేస్తోంది.